అమ్మ కడుపులో ఎనిమిది నెలలు ఉండిపోయిన గొట్టం: వైద్య ఆరోగ్య శాఖకు, సర్జన్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, శాఖ ఉన్నతాధికారులకు, ఆరోగ్య పథకం బాధ్యతలు చూసే ట్రస్టు అధికారులకు, రాష్ట్రంలోని సర్జన్లకు, గ్యాస్ట్రో డాక్టర్లకు నమస్కారం.

నేను ఉత్తరాంధ్రలో ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. మా అమ్మకి 61 ఏళ్లు. కాలేయం నుంచి పైత్యరసం దిగే పిత్తనాళంలో రాయి పడి, అందులో వేసిన స్టెంట్ (దారి తెరిచి ఉంచే సన్నటి గొట్టం) ఎవరూ తీయక, ఆమె చావు అంచుదాకా వెళ్లి వచ్చింది. ఈ విషయం మీద మూడు దరఖాస్తులు ఇచ్చాను. రెండింటికి రసీదు వచ్చింది, మూడోదానికి అదీ రాలేదు. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే అందరూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాను. ఏ ఆస్పత్రి పేరూ, ఏ డాక్టర్ పేరూ ఇందులో రాయను. ఒకరిని శిక్షిస్తే తీరే సమస్య కాదిది. పద్ధతి మారాలి.

ముందు జరిగింది చెప్తాను.

అమ్మకి రెండేళ్లుగా భోజనం చేశాక కుడి డొక్కలో నొప్పి వచ్చి వీపులోకి పాకేది. గ్యాస్ అన్నారు, గ్యాస్ మాత్రలే వేసుకుంది. గత ఏడాది శ్రావణంలో కళ్లు పచ్చబడ్డాయి. మూత్రం టీ డికాక్షన్ రంగులోకి వచ్చింది. ఒళ్లంతా ఒకటే దురద. రాత్రిళ్లు నిద్ర పట్టక అరికాళ్లు దువ్వెనతో గీరుకునేది. ఊళ్లో అందరూ చెప్పినట్టే పక్క ఊరు తీసుకెళ్లి ఆకు పసరు పోయించాం. ఉప్పూ నూనే లేకుండా తొమ్మిది రోజులు పథ్యం పెట్టాం. చదువుకున్నదాన్ని, నేనే దగ్గరుండి పెట్టాను. ఆ తొమ్మిది రోజులు తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. పదో రోజు చలిజ్వరం వచ్చాక స్కానింగ్ తీయిస్తే పిత్తాశయంలో (పైత్యరసం నిలవ ఉండే సంచిలో) రాళ్లున్నాయి, వాటిలో ఒకటి జారి పిత్తనాళంలో ఇరుక్కుంది. మామూలుగా ఆరేడు మిల్లీమీటర్లు ఉండాల్సిన నాళం 13 మిల్లీమీటర్లకి ఉబ్బింది.

విశాఖకి రిఫర్ చేశారు. అక్కడ ఈఆర్‌సీపీ చేశారు, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం పంపి నాళంలోని రాయి తీసే పని. రాయి పూర్తిగా రాలేదు, పైత్యరసం దిగడానికి ప్లాస్టిక్ స్టెంట్ వేశారు. నాలుగు రోజుల్లో పచ్చదనం తగ్గింది, అమ్మ అన్నం తినడం మొదలుపెట్టింది. ఆ డాక్టర్లకి ఈ రోజుకీ మేము రుణపడి ఉన్నాం. స్టెంట్ వేయడం తప్పని నేను అనడం లేదు. నాళంలో చీము పట్టి జ్వరం వచ్చినప్పుడు ముందు దారి తెరవాలి, అది ప్రాణం నిలబెట్టే పని. నా ఫిర్యాదంతా ఆ తర్వాత జరిగినదాని గురించే.

డిశ్చార్జి కాగితం చివర ఇంగ్లీషులో ఒక్క లైను రాసి ఉంది: స్టెంట్ లోపల ఉంది, ఆరు వారాలకి రావాలి అని. మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో సిస్టర్ చక్కగా చెప్పింది గానీ ఆ లైను గురించి ఎవరూ నోరు విప్పలేదు. నేను అది చదివి, మామూలుగా చూపించుకోవడానికి రమ్మన్నారనుకున్నాను. అయినా ఆరు వారాలకి తీసుకెళ్లాను. ఎండోస్కోపీ మిషన్ రిపేర్‌లో ఉంది, మళ్లీ రమ్మన్నారు. మళ్లీ వెళ్తే, ఆరోగ్య పథకం కింద మొదటి ప్యాకేజీ అయిపోయింది, పిత్తాశయం ఆపరేషన్‌కి కొత్తగా అప్రూవల్ పెట్టాలి, ఫోన్ చేస్తాం అన్నారు. ఫోన్ రాలేదు. అప్పటికి అమ్మ బాగానే ఉంది, వరి కోతలకి కూడా వెళ్లింది. కామెర్లు పోయాయి కదా, రోగం పోయిందనుకున్నాం.

ఎనిమిదో నెలలో ఒక రాత్రి పదకొండు గంటలకి అమ్మకి చలి మొదలైంది. మూడు దుప్పట్లు కప్పినా పళ్లు టకటక కొట్టుకున్నాయి, ఆ వణుకుకి మంచం కోళ్లు కదిలాయి. తెల్లారేసరికి మాట తడబడింది, బీపీ పడిపోయింది. 108లో తీసుకెళ్లాం. ఐసీయూలో ఆరు రోజులు, వార్డులో ఐదు రోజులు ఉంది. మూసుకుపోయిన పాత స్టెంట్ తీసి కొత్తది వేశారు. తీసినదాన్ని ట్రేలో పెట్టి చూపించారు. అరచేయంత పొడవు, జ్యూస్ తాగే స్ట్రా కన్నా సన్నం. వేసినప్పుడు నీలం రంగుదట. బయటికి వచ్చినది నల్లగా, లోపలంతా తడి మట్టి కూరినట్టు ఉంది. అమ్మ దాని వైపు చూసి, "ఏటమ్మా, ఇది ఇన్నాళ్లూ నా కడుపులోనే ఉందా? నాకెవరూ చెప్పలేదేటి?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న మీకు పంపుతున్నాను.

ఆ తర్వాత నెలన్నరకి మరో ఆస్పత్రిలో ఒక సర్జన్ రంధ్రాల ఆపరేషన్‌తోనే మొత్తం చేశారు. పొట్ట మీద నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, పిత్తనాళాన్ని కొంచెం తెరిచి, సన్నటి కెమెరా లోపలికి పంపి, బుట్టలాంటి తీగతో రాళ్లు పట్టి తీశారు. స్టెంట్ తీసేశారు. నాళానికి కుట్లు వేసి, పిత్తాశయాన్ని కూడా అదే పూట తీసేశారు. నాలుగో రోజు అమ్మ ఇంటికి వచ్చేసింది. ఆపరేషన్ వీడియోలో ఆ సర్జన్ మాకు నాళం లోపలి భాగం చూపించారు. గులాబీ రంగు సొరంగంలా ఉంది, చివరిదాకా శుభ్రంగా ఉంది. "ఇది మొదట్లోనే, జ్వరం తగ్గాక చేసి ఉండొచ్చా?" అని అడిగాను. ఆయన కాసేపు ఆగి, "చేసి ఉండొచ్చండీ. కానీ ఇది చేసేవాళ్లు తక్కువ, పరికరం ఉన్నచోట్లు ఇంకా తక్కువ" అన్నారు.

ఆ మాట విన్నాక నేను దొరికినంతా చదివాను, తెలిసిన డాక్టర్లని అడిగాను. మీకు తెలిసిన విషయాలే ఇవి, అయినా జనం చదువుతారు కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. కాలేయం రోజుకి అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారు చేస్తుంది. అది పేగులోకి దిగే దారి పిత్తనాళం. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లలో సుమారు నూటికి 10 నుంచి 15 మందికి నాళంలోనూ రాళ్లుంటాయి. వాటిని తీయడానికి రెండు దారులు. ఒకటి, ఈఆర్‌సీపీతో నాళం శుభ్రం చేసి, తర్వాత ల్యాప్రోస్కోపీతో, అంటే రంధ్రాల ఆపరేషన్‌తో, పిత్తాశయం తీయడం. రెండోది, రెండు పనులూ ఒకే ల్యాప్రోస్కోపీ ఆపరేషన్‌లో పూర్తి చేయడం. చేయి తిరిగిన సర్జన్ చేస్తే నాళం శుభ్రపడే అవకాశం రెండింట్లోనూ దాదాపు సమానమని, ఒకేసారి చేస్తే ఆస్పత్రిలో ఉండే రోజులు తగ్గుతాయని అధ్యయనాలు చెప్తున్నాయి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2014లోనే ఈ రెండు దారుల్నీ రాసిపెట్టింది. ఈఆర్‌సీపీతో రాయి రాకపోతే వేసే స్టెంట్, నాళం శుభ్రం చేసేదాకా తాత్కాలిక ఏర్పాటు మాత్రమే అని కూడా స్పష్టంగా చెప్పింది.

అందరికీ ఒకే ఆపరేషన్ చేసేయండి అని నేను అడగడం లేదు. చీము పట్టినవాళ్లకి, గుండె జబ్బులున్నవాళ్లకి, మత్తు తట్టుకోలేని వయసువాళ్లకి ఈఆర్‌సీపీయే సరైనదని డాక్టర్లు చెప్పారు. నాళం సన్నగా ఉంటే దాన్ని కోయడం మంచిది కాదనీ, కోసినచోట పైత్యరసం కారే ప్రమాదం ఉందనీ చెప్పారు. ఈఆర్‌సీపీకీ దాని ప్రమాదం ఉంది, నూటికి 3 నుంచి 10 మందికి క్లోమం (పాంక్రియాస్) వాస్తుంది. ఏ రోగికి ఏది అన్నది డాక్టర్ తేల్చాల్సిన విషయం. కానీ రెండో దారి ఒకటుందని మా అమ్మకి ఎవరూ చెప్పలేదు. మొదటి దారిలో పెట్టినప్పుడు కూడా సగంలో వదిలేశారు.

దీనివల్ల మాలాంటి ఇళ్లలో ఏం జరుగుతోందో చూడండి.

1. స్టెంట్ ఉందన్న సంగతే మనిషికి తెలియదు. ప్లాస్టిక్ స్టెంట్‌ని దాదాపు మూడు నెలల్లో తీయాలి లేదా మార్చాలి. లేకపోతే అది మూసుకుపోతుంది, దాని చుట్టూ కొత్త రాళ్లు కడతాయి, చీము పట్టి రక్తంలోకి విషం ఎక్కుతుంది. ఆస్పత్రిలో ఉన్న ఆ పదకొండు రోజుల్లో ఇలాంటి కథే ఉన్న మరో ఇద్దరి బంధువులు నాకు కలిశారు. ఒకాయన నాన్నకి ఏడాదిన్నర కిందట వేశారట. "కామెర్లకి మందు లోపల పెట్టారన్నారండీ" అన్నాడాయన. స్టెంట్ అన్న మాటే ఆయన వినలేదు. గుండెలో వేసే స్టెంట్ జీవితాంతం ఉంటుందని జనానికి తెలుసు. ఇదీ అలాంటిదే అనుకుంటారు. ఆ తేడా చెప్పాల్సింది ఆస్పత్రి కాదా?

2. పిత్తాశయం లోపలే ఉండిపోతుంది. నాళం శుభ్రం చేసినా రాళ్ల సంచి అక్కడే ఉంది కదా, మళ్లీ ఒకటి జారుతుంది. రాయి వల్ల క్లోమం కొద్దిగా వాచినవాళ్ల మీద నెదర్లాండ్స్‌లో చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. అదే అడ్మిషన్‌లో పిత్తాశయం తీసేస్తే నూటికి 5 మందికి, ఇంటికి పంపి తర్వాత రమ్మంటే నూటికి 17 మందికి మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సిన బాధ లేదా మరణం ఎదురైంది. నెదర్లాండ్స్‌లో, ఊరికి దగ్గర్లో ఆస్పత్రి ఉన్నచోట లెక్క అది. మా ఊరి నుంచి విశాఖ వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి.

3. ఒక జబ్బుకి మూడుసార్లు ఆస్పత్రి. ప్రతిసారీ రోగితో పాటు ఇంకో మనిషి కూలి పోతుంది. పథకం కింద వైద్యం ఉచితమే, అందులో సందేహం లేదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు మా ఊళ్లో గుండె ఆపరేషన్ చేయించుకుని బతికినవాళ్లని నేను చూశాను, ఆ మేలు మర్చిపోను. కానీ బస్సు చార్జీలు, బయట తిండి, బయట రాయించిన మందులు, మధ్యలో తిరిగిన తిరుగుళ్లు కలిపి మాకు 38 వేలు అయ్యాయి. ఐసీయూ ఖర్చు వేరు. దానికోసం అమ్మ తన పుస్తెలతాడు తాకట్టు పెట్టమంది. పసుపుతాడు కట్టుకుని ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లింది.

4. పసరు మందు. దీన్ని మూఢనమ్మకం అని తిట్టి వదిలేయకండి. కొన్ని రకాల కామెర్లు వాటంతటవే తగ్గుతాయి, ఆ తగ్గిన పేరు పసరుకి వస్తుంది. నాళం మూసుకుపోయి వచ్చే కామెర్లు అలా తగ్గవు. నొప్పి, చలిజ్వరం, పచ్చదనం మూడూ కలిస్తే అది ఆగలేని ప్రమాదమని మా ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆశా కార్యకర్తకీ తెలియదు, ఆర్ఎంపీకీ తెలియదు, ఎంఏ బీఈడీ చదివిన నాకూ తెలియదు.

5. కోత ఆపరేషన్. స్టెంట్ ఉండిపోయి, రాయి పెద్దదై, లోపలంతా అతుక్కుపోయాక కొందరికి ఇక రంధ్రాల ఆపరేషన్ కుదరదు. డొక్క కింద జానెడు కోత పడుతుంది. కూలి పని చేసే మనిషి నెలల తరబడి బరువెత్తకూడదు. మా అమ్మ ఆ ఒక్కటి తప్పించుకుంది.

చేయగల మనుషులు మనకి లేరా అంటే, ఉన్నారు. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి, హైదరాబాద్‌లో ఎండోస్కోపీకి ప్రపంచస్థాయి పేరు తెచ్చిన డాక్టర్ డి. నాగేశ్వర రెడ్డి గారు మనవాళ్లే. 2025లో దేశం ఆయనకి పద్మవిభూషణ్ ఇచ్చింది. రంధ్రాల ఆపరేషన్ విషయానికొస్తే, ల్యాప్రోస్కోపీతో పిత్తాశయం తీయడం ఈ దేశంలో 1990లో మొదలైంది. ముంబైలో డాక్టర్ టెహమ్‌టన్ ఉద్వాడియా గారు చేశారు. చేసింది జేజే ఆస్పత్రిలో. అది ప్రభుత్వ ఆస్పత్రి. ఆ పని పేదవాళ్ల ఆస్పత్రిలో మొదలైన దేశం మనది. మా ఆస్పత్రులకి అది కుదరదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను.

నా డిమాండ్లు ఇవి.

1. స్టెంట్ రిజిస్టర్. పిత్తనాళంలో స్టెంట్ వేసిన ప్రతి ఆస్పత్రీ, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, వేసిన తేదీ, తీయాల్సిన తేదీ, రోగి ఫోను, ఇంట్లో ఇంకొకరి ఫోను, ఊరి ఏఎన్ఎం ఫోను నమోదు చేయాలి. నాలుగో వారంలో ఒకసారి, ఎనిమిదో వారంలో ఒకసారి ఫోన్ చేయాలి. ఎత్తకపోతే ఏఎన్ఎం ఇంటికి వెళ్లి చెప్పాలి. మూడు నెలలు దాటినా తీయని ప్రతి స్టెంట్‌కీ ఆస్పత్రి లిఖితంగా కారణం చెప్పాలి. పిల్లల టీకాలకి మన రాష్ట్రం చేస్తున్న పనే ఇది, కొత్తగా కనిపెట్టక్కర్లేదు. నేను అడుగుతున్న వాటిలో ఏది ఆలస్యమైనా ఇది ఆలస్యం కాకూడదు.

2. తెలుగులో కార్డు. "మీ పిత్తనాళంలో ప్లాస్టిక్ గొట్టం ఉంది. ఈ తేదీలోగా తీయించుకోవాలి. చలిజ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా అదే రోజు ఆస్పత్రికి రండి." ఈ మూడు వాక్యాలు పెద్ద అక్షరాల్లో ఉంటే చాలు. చదువురానివాళ్లకి డిశ్చార్జి రోజు సిస్టర్ చదివి వినిపించి, అర్థమైందో లేదో తిరిగి అడగాలి.

3. నాళంలో రాయికీ, పిత్తాశయానికీ కలిపి ఒకే అప్రూవల్ ఉండాలి. రెండు దశల్లో చేస్తే రెండో దశ తేదీ మొదటి డిశ్చార్జికి ముందే ఇవ్వాలి. రోగి తట్టుకోగలిగితే పిత్తాశయాన్ని అదే అడ్మిషన్‌లో తీసేయాలి. ఒకే ఆపరేషన్‌లో రెండూ చేసే సర్జన్‌కి, ఆస్పత్రికి ఆ పనికి తగ్గ డబ్బు చెల్లించాలి.

4. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆస్పత్రుల్లో నాళం లోపల చూసే సన్నటి కెమెరా, దాని తీగలు, వాటిని శుభ్రం చేసే ఏర్పాటు ఉండాలి. సర్జన్లకి శిక్షణ ఇప్పించాలి. ఒక్కసారిగా అన్నిచోట్లా కుదరకపోతే ఉత్తరాంధ్ర, కోస్తా, రాయలసీమల్లో ఒక్కోటి చొప్పున మొదలుపెట్టండి. మిషన్ కొన్నాక రిపేర్‌కి ఎన్ని రోజుల్లో మనిషి రావాలో కొనుగోలు ఒప్పందంలోనే రాయించండి.

5. ఏ ఆస్పత్రిలో ఈఆర్‌సీపీ ఏ రోజుల్లో చేస్తారు, పిత్తనాళాన్ని చూపించే ఎమ్మార్సీపీ స్కాన్ ఎక్కడ తీస్తారు, మిషన్ ఈ రోజు పనిచేస్తోందా లేదా అన్నది 104కి ఫోన్ చేస్తే చెప్పగలగాలి. జ్వరంతో ఉన్న మనిషిని రెండు బస్సులు ఎక్కించి తీసుకెళ్లాక, మిషన్ లేదు అన్న మాట ఇంకెవరూ వినకూడదు.

6. ఆశాలకి, ఏఎన్ఎంలకి, ఆర్ఎంపీలకి ఒక్క పూట శిక్షణ. కామెర్లతో పాటు నొప్పి గానీ చలిజ్వరం గానీ ఉంటే పసరు దగ్గరికి కాదు, అదే రోజు స్కానింగ్‌కి పంపాలి.

సర్జన్లకి, గ్యాస్ట్రో డాక్టర్లకి విడిగా ఒక మాట. మీలో ఈఆర్‌సీపీ చేసేవాళ్లు ఒక వార్డు, ఆపరేషన్ చేసేవాళ్లు ఇంకో వార్డు. మా అమ్మలాంటివాళ్లు ఆ రెండు వార్డుల మధ్య వరండాలో తప్పిపోతున్నారు. వారానికి ఒక్క గంట ఇద్దరూ కలిసి కూర్చుని, నాళంలో రాళ్లున్న ప్రతి రోగికీ ఎవరు ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో రాసుకోండి. ఇందుకు బడ్జెట్ అక్కర్లేదు, జీవో అక్కర్లేదు. రోగికి రెండు దారులూ తెలుగులో చెప్పండి. మీ ఆస్పత్రిలో ఒకటే ఉంటే, రెండోది ఫలానా చోట ఉందని చెప్పండి. మేము మీ మాట కాదనం. చెప్పకపోతేనే మాకు దిక్కు తోచదు.

ఈ లేఖ ప్రతితో పాటు అమ్మ డిశ్చార్జి కాగితాలు, స్కానింగ్ రిపోర్టులు, నా మూడు దరఖాస్తుల జిరాక్సులు శాఖ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. స్టెంట్ రిజిస్టర్, తెలుగు కార్డు విషయంలో 60 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు కోరుతున్నాను. మిగిలిన వాటికి కాలపరిమితి మీరే ప్రకటించండి. ఈలోగా, గత ఏడాదిలో పిత్తనాళంలో స్టెంట్ వేయించుకున్నవాళ్ల జాబితా తీసి ఒక్కొక్కరికీ ఫోన్ చేయించండి. వాళ్లలో ఎవరో ఒకరు ఈ రోజు కూడా, ఒంట్లో బాగుందని, పొలానికి వెళ్లి ఉంటారు.

ఇట్లు,
ఒక రోగి కూతురు,
ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, ఉత్తరాంధ్ర